హాట్ రాడ్ కట్టాలంటే ముందు చక్రాలు, ఆఖర్న ఇంజను

తమ్ముడూ, నువ్వు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ: అంబాజీపేట దగ్గర కొబ్బరితోటలో మీకో రేకుల షెడ్డుంది. అందులో మీ తాతగారి నాటి మహీంద్రా జీపు ఛాసిస్ పడి ఉంది. ఇన్వర్టర్ వెల్డింగ్ మిషను కొన్నావు. పాత అంబాసిడర్‌లోంచి ఊడదీసిన 1.8 ఇసుజు ఇంజను బేరం కుదిరింది. వీటితో పాతకాలపు అమెరికా ఫోర్డు తరహాలో హాట్ రాడ్ (పాత కారులో అక్కర్లేని రేకు పీకేసి, బరువు తగ్గించి, ఇంజను బలం పెంచిన బండి) కట్టి రోడ్డెక్కించాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అని. ఇంజనుకి అడ్వాన్సు ఇవ్వకపోతే మాత్రం కాస్త ఆగు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఇంటి దగ్గర బండి కడతానని వచ్చిన ప్రతి కుర్రాడి చేతిలోనూ ముందు ఇంజనే ఉంటోంది. నా పని రైసుమిల్లు ఎలివేటర్లు, ట్రాక్టరు తొట్లు, ఛాసిస్ రిపేర్లు. ఆ ఇనుప పని వైపు నుంచే చెప్తాను.

రోడ్డు సంగతి ముందు తేల్చేద్దాం, బండి కొలతలు కూడా దాన్ని బట్టే ఉంటాయి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలతో తేడాపడేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే ఖరాఖండిగా చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణలో శిక్ష కూడా రాశారు: ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. నువ్వు చేసేది మార్పు కూడా కాదు, కొత్త ఫ్రేముతో కొత్త బండి. దానికి నమూనా పరీక్ష, ఆమోదం కావాలి. పుణేలోని ఏఆర్‌ఏఐ లాంటి సంస్థలు చేసే పని అది, కంపెనీలు చేయించుకునేది. షెడ్డులో కట్టిన ఒక్క బండికి ఆ దారి లేదనే అనుకో.

"జీపు ఆర్‌సీ ఉంది కదా, ఆ నంబరు కొత్త ఫ్రేము మీద గుద్దించేస్తే?" అని నీకెవరో సలహా ఇచ్చే ఉంటారు. అది మోడిఫికేషన్ కాదు, దొంగ నంబరు. ఆ మాట చెప్పిన మనిషి దగ్గర ఇంకే సలహా తీసుకోకు. వింటేజి కింద పోదామన్నా కుదరదు. 2021లో వచ్చిన నిబంధనల్లో 50 ఏళ్ళు దాటిన బండ్లకి వీఏ సిరీస్ నంబరు ఇస్తున్నారు గానీ, ఛాసిస్, బాడీ, ఇంజను అసలు రూపంలోనే ఉండాలి. హాట్ రాడ్ అంటేనే దానికి పూర్తిగా ఎదురు. ఇంకో మాట. మనవాళ్ళు కాలువ గట్టు రోడ్డని అనుకోరు, "గట్టు మీద ఒక రౌండేసొస్తా" అంటారు. జనం రాకపోకలకు హక్కున్న ఏ దారైనా చట్టం దృష్టిలో బహిరంగ స్థలమే, రిజిస్ట్రేషన్ లేని బండి అక్కడ తిరగకూడదు. కాబట్టి నీ బండి మీ తోటలో, మీ కళ్ళంలో తిరుగుతుంది, ప్రదర్శనకి తీసుకెళ్ళాలంటే లారీ మీదో ట్రక్కు మీదో ఎక్కుతుంది. దీనికి సిద్ధమైతేనే కింది భాగం చదువు.

హాట్ రాడ్ పుట్టుకలో ఒక సంగతి మన పనికి పనికొస్తుంది. 1930లలో కాలిఫోర్నియా దక్షిణాన మురాక్ లాంటి ఎండు సరస్సుల మీద కుర్రాళ్ళు పందేలు వేసేవాళ్ళు. చవగ్గా దొరికిన పాత ఫోర్డులు కొని, మడ్‌గార్డులు, బంపర్లు, అవసరం లేని రేకంతా పీకేసి, బరువు తగ్గించి, ఇంజను బలం పెంచేవాళ్ళు. 1937లో వాళ్ళ క్లబ్బులన్నీ కలిసి ఎస్‌సీటీఏ (సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్) అనే సంఘంగా ఏర్పడ్డాయి. 1932లో ఫోర్డు తెచ్చిన ఫ్లాట్‌హెడ్ వీ8 అనే ఎనిమిది సిలిండర్ల ఇంజను వాళ్ళకి దేవుడిచ్చిన వరం. మొదటి ఏడాది దాని బలం ఎంతనుకున్నావు? 65 గుర్రాల శక్తి (హార్స్‌పవర్). నీ ఇసుజు దానికేమీ తీసిపోదు. అంటే హాట్ రాడ్‌ని హాట్ రాడ్‌గా చూపించేది ఇంజను కాదు, నిలబడే తీరు. వెనక పెద్ద చక్రం, ముందు చిన్నది, మూతి కిందకి వంగి, ఫ్రేము నేలకి దగ్గరగా. ఆ తీరు చక్రాల దగ్గర, ఫ్రేము దగ్గర తేలిపోతుంది. తర్వాత ఏం చేసినా మారదు.

అందుకే ముందు నాలుగు చక్రాలు తెచ్చుకో. కొలతలకి పాతవైనా పర్లేదు, గాలి నిలిస్తే చాలు. లెక్క చూడు: వెనక 235/75 ఆర్15 టైరు వేస్తే ఎత్తు సుమారు 733 మి.మీ. ముందు 165/80 ఆర్15 వేస్తే 645. తేడా 88, అందులో సగం, 44 మి.మీ., వెనక యాక్సిల్ నడిమి ముందుదానికంటే ఎత్తులో ఉంటుంది. ఈ రెండు అంకెలు లేకుండా ఫ్రేముకి వంపు ఎక్కడ పెట్టాలో ఎవడూ చెప్పలేడు. రిమ్ములు కొనేటప్పుడు బోల్టుల వలయం కొలిచి చూసుకో. పాత జీపుకీ మారుతీ జిప్సీకీ అయిదు బోల్టులు, 139.7 మి.మీ. వలయం. కాబట్టి జిప్సీ రిమ్ములు వెతకడం తేలిక, నడిమి రంధ్రం మాత్రం సరిపోతుందో లేదో హబ్బు మీద పెట్టి చూడు.

ఇప్పుడు ఆ జీపు ఛాసిస్. దాని మీద నీకు ప్రేమ ఉంటే ఉండనీ గానీ, హాట్ రాడ్‌కి అది పనికిరాదు. పాత జీపు వీల్‌బేస్, అంటే ముందు వెనక యాక్సిళ్ళ మధ్య దూరం, 80 అంగుళాలు. ఫోర్డు మోడల్ టీకి 100, 1932 ఫోర్డుకి 106. ఆ 20 అంగుళాల తేడాలోనే పొడుగాటి మూతి ఉంది. జీపు ఛాసిస్ మీద ఏ బాడీ కూర్చోబెట్టినా తల పెద్దది కాళ్ళు పొట్టివి అన్నట్టుంటుంది. మధ్యలో కోసి పొడిగించొచ్చు కదా అంటావు. పాతికేళ్ళు ఉప్పుగాలి తిన్న రేకుకి అతుకు వేస్తే అతుకు పక్కన విరుగుతుంది. జీపులోంచి తీసుకోవాల్సినవి ముందు వెనక యాక్సిళ్ళు, స్ప్రింగులు, స్టీరింగు బాక్సు. ఫోర్ వీల్ జీపయితే వెనక డిఫరెన్షియల్ మధ్యలో ఉండదు, ఒక పక్కకి ఉంటుంది. గేరుబాక్సు నుంచి వెనక యాక్సిల్‌ని తిప్పే ప్రొపెల్లర్ షాఫ్టు పైనుంచి చూసినా ఏటవాలుగా వస్తుంది, ముందే తెలిసుండాలి. పాత జీపుల్లో క్రౌన్ పినియన్ (డిఫరెన్షియల్ లోపలి గేర్ల) నిష్పత్తి 5.38 ఉండేది. 733 మి.మీ. టైరుతో, గేరుబాక్సు డైరెక్టులో (ఇంజను, షాఫ్టు ఒకే వేగంతో తిరిగే గేరులో) ఉండగా 3000 ఆర్‌పీఎం దగ్గర బండి 77 కిలోమీటర్ల వేగంలో ఉంటుంది. తోటలో తిరిగే బండికి అది ఎక్కువే.

ఫ్రేముకి 100 బై 50 దీర్ఘచతురస్రపు ట్యూబు, 3 మి.మీ. మందం. కొట్టువాణ్ణి ఐఎస్ 4923 ముద్ర ఉన్నది అడుగు. గేట్లకి వాడే పల్చటి ట్యూబు అంటగట్టేస్తారు, చివర వెర్నియర్ పెట్టి మందం చూడకుండా బండెక్కించకు. ఇక నేల. మన వైపు అసలు కష్టం ఇక్కడే. తోట నేల ఇసకపాలు, బరువు పెడితే కుంగుతుంది. చేలు పూడ్చి కట్టిన షెడ్డయితే అడుగున నల్లమట్టి, వానలకి ఉబ్బి వేసవికి పగుళ్ళిస్తుంది. కాంక్రీటు గచ్చే కదా అని దాని మీదే కొలతలు పెట్టేస్తే, శ్రావణంలో పెట్టిన కొలత సంక్రాంతికి ఉండదు. నాలుగు మీటర్ల ఐ-బీములు రెండు తీసుకుని, కాళ్ళకి సర్దుబాటు బోల్టులు వేసి, బల్ల కట్టుకో. రైసుమిల్లులు పీకేసే చోట ఈ బీములు తుక్కు ధరకే దొరుకుతాయి.

బల్ల మట్టం రసమట్టంతో చూడకు, అది పొట్టిది. తాపీమేస్త్రులు వాడే పారదర్శకం గొట్టం, నీళ్ళు చాలు. నీళ్ళలో కాస్త నీలం కలుపు, గీత బాగా కనిపిస్తుంది. గొట్టాన్ని మొదటి నుంచి చివరిదాకా వేలితో తడుతూ రా. ఎక్కడో మలుపులో చిన్న బుడగ నక్కి ఉంటుంది, అది ఉన్నంతసేపూ రెండు చివర్ల నీళ్ళు నీకు అబద్ధమే చెప్తాయి. బుడగ పోయాక రెండు చివర్లూ పక్కపక్కన పట్టుకుని సమంగా ఉన్నాయని చూసుకుని, అప్పుడు ఒక చివర తీసుకెళ్ళు. కొలిచేటప్పుడు బొటనవేలితో మూతి మూయకూడదు. నాలుగు మూలలూ మిల్లీమీటరు లోపు వచ్చేదాకా బోల్టులు తిప్పుతూనే ఉండు. ప్రతిరోజూ పని మొదలుపెట్టే ముందు ఇంకోసారి చూడు.

ఫ్రేము రెండు పక్కల పొడుగు ట్యూబులు బల్లకి క్లాంపులతో బిగించాక, అడ్డ ట్యూబులకి నాలుగు మూలలా టాక్ (చిన్న చుక్క వెల్డు) మాత్రమే వెయ్యి. మూలమట్టం కన్నా టేపుతో కర్ణాలు కొలవడం నమ్మకం. ఎడమ ముందు మూల నుంచి కుడి వెనక మూలకి, కుడి నుంచి ఎడమకి. రెండూ ఒకటిన్నర మిల్లీమీటరు లోపు కలిస్తే మూల తిన్నగా ఉన్నట్టే. కలవకపోతే టాక్ కోసెయ్, లాగి సర్దుదామని చూడకు. పూర్తి వెల్డింగు ఒకే పక్క నుంచి లాక్కుపోతే ట్యూబు వేడికి విల్లులా వంగుతుంది. రెండంగుళాలు ఇక్కడ వేస్తే తర్వాతి రెండంగుళాలు ఎదురు పక్క, చల్లారాక మళ్ళీ.

నీ దగ్గరున్నది మామూలు ఇన్వర్టరు ఆర్క్ మిషను కాబట్టి ఫ్రేముకి 6013 కడ్డీ సరిపోతుంది. స్ప్రింగు బ్రాకెట్లకి, స్టీరింగు బాక్సు పలకకి 7018 వాడు. కానీ 7018 పొడిగా ఉండాల్సిన కడ్డీ. కోనసీమ గాలిలో ప్యాకెట్టు విప్పి వదిలేస్తే పూత తేమ పీల్చేస్తుంది, తర్వాత అతుకు లోపల చీలుతుంది. వంటింటి ఓవెను వేడి దానికి చాలదు. చిన్న ప్యాకెట్లు కొని విప్పిన రోజే వాడేసుకో, లేదా కడ్డీలు కాల్చి ఆరబెట్టే ఓవెనున్న షెడ్డు చూసుకుని ఆ పని అక్కడ చేయించు. మిగ్ మిషను (గ్యాసు రక్షణలో తీగతో వెల్డు చేసేది) దొరికితే ఇంకా మంచిదే గానీ, గోడల్లేని షెడ్డులో సముద్రపు గాలికి గ్యాసు ఎగిరిపోయి వెల్డు పొక్కులు తేలుతుంది, నాలుగు పక్కలా పరదాలు కట్టు. చెరువుల ఏరేటర్లన్నీ (నీళ్ళలో గాలి కలిపే మోటార్లు) తిరిగే రాత్రివేళ వోల్టేజి పడిపోతుంది, అప్పుడు పైకి అతికినట్టే కనిపిస్తుంది గానీ లోపలికి దిగదు. అసలు పని మొదలుపెట్టే ముందు అదే ట్యూబు ముక్కలు రెండు అతికి, వైసులో బిగించి, పెద్ద సుత్తితో వంచి చూడు. ట్యూబు వంగాలి, అతుకు ఊడకూడదు. ఊడితే నీ చెయ్యి ఇంకా ఫ్రేముకి రెడీ కాలేదు.

ముందు యాక్సిల్ సంగతి. హాట్ రాడ్లలో కాస్టరు (ముందు చక్రం తిరిగే ఇరుసు పైభాగం వెనక్కి వాలే కోణం) 5 నుంచి 7 డిగ్రీల దాకా ఉంచుతారు, బండి తిన్నగా పోవడానికి అదే ఆధారం. పట్టీ స్ప్రింగుల మీద యాక్సిల్ కూర్చోబెడితే మధ్యలో వెడ్జి పలకలతో ఆ కోణం తెచ్చుకోవచ్చు. బండి తేలిక కాబట్టి జీపు స్ప్రింగులో కొన్ని పట్టీలు తీసెయ్యాలి, పెద్దపట్టీ మాత్రం ముట్టుకోకు. టో-ఇన్ (ముందు చక్రాల ముందంచులు వెనకంచుల కంటే ఎంత దగ్గరగా ఉంటాయో ఆ తేడా) 1.5 నుంచి 3 మి.మీ. పైనుంచి చూసినప్పుడు స్టీరింగు ఆర్ముల గీతలు పొడిగిస్తే వెనక యాక్సిల్ మధ్యలో కలవాలి, లేకపోతే మలుపులో ముందు టైర్లు రెండూ కొట్లాడుకుంటాయి. వీల్‌బేస్ మారింది కాబట్టి జీపు ఆర్ములు దీనికి అచ్చంగా కుదరవు, కాస్త తేడా వస్తుంది. తోట వేగానికి ఆ తేడా భరించొచ్చు. ఆ ఆర్ములని వేడి చేసి వంచడం, కోసి అతకడం మాత్రం చేయకు. ఎంత పేరున్న వెల్డరు "నేను చూసుకుంటా" అన్నా వద్దు. ఫోర్జింగు చేసిన ఇనుము అది, అతుకు పక్కన పెళుసుబారి ఒకరోజు చెప్పకుండా విరుగుతుంది.

డ్రాగ్ లింకు (స్టీరింగు బాక్సు నుంచి చక్రాలకి పోయే కడ్డీ), స్ప్రింగు ఒకే చాపంలో కదలాలి. పరీక్ష తేలికే: స్టీరింగు ఒకడు గట్టిగా పట్టుకుని కూర్చుంటే, ఇంకొకడు జాకీతో యాక్సిల్ని పైకి కిందకి ఆడించాలి. చక్రం దానంతటదే పక్కకి చూస్తే లింకు చోటు మార్చు. ఇది బాడీ ఎక్కకముందు చూసుకోవాల్సింది. వెనక పక్క గేరుబాక్సు షాఫ్టు గీత, పినియన్ గీత సమాంతరంగా ఉండాలి, క్రాసు జాయింట్ల (షాఫ్టు చివర్ల కీళ్ళ) దగ్గర కోణం 1 నుంచి 3 డిగ్రీలు. అంతా కూర్చున్నాక నాలుగు రిమ్ముల కింది అంచులను దారంతో కలిపి చూడు. ఆ దారం కిందకి ఏ బ్రాకెట్టూ, ఏ పైపూ దిగకూడదు. టైరు గాలి పోయి రిమ్ము మీద బండి కూర్చున్నా ఇంకేదీ నేలని తాకకూడదన్నమాట. కాలువ దగ్గర పల్లంలో సైలెన్సరు నేలకి పొడుచుకుంటే బండి బోల్తా కొట్టడానికి పెద్ద వేగం అక్కర్లేదు.

బ్రేకుల్లో పాత సామాను వద్దు. మాస్టరు సిలిండరు, హోసులు, పైపులు కొత్తవి. టాండెం మాస్టరే కావాలి, ఒక లైను పోయినా రెండోది పట్టాలి. బూస్టరు లేకుండా పెడుతున్నావు కాబట్టి పెడల్ నిష్పత్తి 6కి 1 దగ్గర ఉండాలి. హాట్ రాడ్లో మాస్టరు సిలిండరు ఫ్లోరు కింద, చక్రాల సిలిండర్ల కంటే పల్లంలో ఉంటుంది, నూనె వెనక్కి జారిపోతుంది. అందుకు లైనులో రెసిడ్యుయల్ వాల్వు పెడతారు: డిస్కుకి 2 పీఎస్ఐ, డ్రమ్ముకి 10. జీపు డ్రమ్ములే ఉంచితే 10ది. ఈ చిన్న ముక్క పెట్టనివాళ్ళే "రెండుసార్లు తొక్కితేగానీ పట్టట్లేదన్నా" అని ఫోన్లు చేస్తుంటారు. పైపు చివర్లు డబుల్ ఫ్లేరు (అంచుని విప్పి రెండు మడతలుగా చేయడం) చెయ్యి. బ్రేక్ ఆయిలు తేమని పీలుస్తుంది, సగం వాడి మూత పెట్టిన డబ్బా మన ఊళ్ళలో దాచుకోవడం దండగ.

బాడీకి రేకు కొట్టాలని నీకు సరదాగా ఉంది. ఇత్తడి పనికి పేరున్న అజ్జరం వెళ్ళి ఒక పూట కూర్చుని చూడు, చదునైన లోహానికి గుండ్రం తెప్పించడమంటే చెయ్యి ఏళ్ళ తరబడి తిరగాలని అర్థమవుతుంది. నా మాట వింటే ఫైబరుకి పో. అమెరికాలో టీ-బకెట్ అనే రకం హాట్ రాడ్ల బాడీల్లో చాలావరకు ఫైబరువే. మనకేమో కాకినాడ వైపు తీరమంతా వేట బోట్లు ఫైబరుతో కడుతున్నారు, రిపేరు చేసే చేతులు ప్రతి రేవులోనూ ఉన్నాయి. ప్లైవుడ్డు, పట్టీతో అచ్చు నువ్వే చేసుకుని, బోటు పనివాణ్ణి పిలిచి పొరలు వేయించుకో. చదరపు మీటరుకి 450 గ్రాములు తూగే ఫైబరు మ్యాటు ఒక్కో పొరకి ఇంచుమించు మిల్లీమీటరు మందం ఇస్తుంది. నాలుగైదు పొరలు, లోపల అంగుళం ట్యూబుతో పంజరం. తలుపుల్లేకుండా పోసెయ్, తలుపు అతకడం వేరే విద్య. ఒక హెచ్చరిక: రెసిన్ గట్టిపడటానికి కలిపే కోబాల్టునీ హార్డెనరునీ నేరుగా ఎప్పుడూ కలపకూడదు, భగ్గుమంటుంది. ఒకటి రెసిన్‌లో పూర్తిగా కలిసిపోయాకే రెండోది. రెండు సీసాలూ ఒకే అలమరలో కూడా పెట్టకు.

తుప్పు గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, నీది కోనసీమ. గ్రైండింగు చేసిన ఇనుముకి అదే రోజు ఎపాక్సీ ప్రైమరు పడాలి, తెల్లారితే ఎర్రగా ఉంటుంది. ట్యూబు చివర్లు పూర్తిగా మూసి వెల్డు చెయ్యి, లేదా అడుగున నీళ్ళు పోయే రంధ్రాలు పెట్టి లోపల మైనం కొట్టు. సగం మూసి సగం వదలడం అన్నిటికంటే చెడ్డది.

డబ్బు ఎంతవుతుందన్నావు. తుక్కు ధర నెలకో తీరు, అంకె చెప్పి నిన్ను మోసం చెయ్యను. లెక్క ఇలా పెట్టుకో: బ్రేకులు, స్టీరింగు జాయింట్లు, బేరింగులు, టైర్లు, బోల్టులు కొత్తవి, బోల్టులు 8.8 గ్రేడువి. మిగతాదంతా పాతదే. రంగుకి, క్రోముకి దాచిన డబ్బుంటే అది కూడా బ్రేకుల్లో పెట్టు.

ఇక ఇంజను. ఇసుజు మంచి ఎంపికే: వెనక చక్రాలకి తోలే అయిదు గేర్ల బాక్సు దానితోనే వస్తుంది, కార్బురేటరు ఉన్న రకమైతే వైరింగు తక్కువ. ఫ్రేము కట్టేటప్పుడు మాత్రం అసలు ఇంజను వాడకు. పగిలిపోయిన ఖాళీ బ్లాకు, గేరుబాక్సు తొడుగు తెచ్చుకుని వాటితో మౌంటులు కొలుచుకుంటే మోయడం తేలిక, వెల్డింగు నిప్పురవ్వలు పడ్డా బాధ లేదు. రేడియేటరు పెద్దదే పెట్టు, ఫ్యానుకి చుట్టూ తొడుగు తప్పనిసరి. ఏప్రిల్‌లో మెల్లగా తోటలో తిరిగే బండికి ఎదురుగాలి ఉండదు, ఫ్యాను లాగిందే గాలి. బోరు నీళ్ళు పోయకు, మన వైపు ఉప్పు చేరి గొట్టాలు మూసుకుపోతాయి. డిస్టిల్డ్ వాటరు, కూలెంటు సగం సగం. బానెట్ లేని ఇంజను చూడ్డానికి బాగుంటుంది గానీ, ఎదురుగా నిలబడి వంగి చూసేవాళ్ళలో పంచెకట్టు పెద్దాయనలు ఉంటారు, చున్నీలేసుకున్న ఆడపిల్లలు ఉంటారు. ఫ్యానుకి, బెల్టుకి జాలీ వెయ్యకుండా స్టార్టు చెయ్యకు.

బేరం ఖాయం చేసే ముందు ఇంజనుని నేల మీదే బ్యాటరీ పెట్టి తిప్పించి, నాలుగు సిలిండర్ల కంప్రెషన్ (లోపల గాలి నొక్కుకునే ఒత్తిడి) చూడు. ఒకదానికి తక్కువొస్తే అందులో చెంచాడు ఇంజనాయిలు పోసి మళ్ళీ చూడు. పెరిగితే రింగులు పోయినట్టు, పెరగకపోతే వాల్వులో గ్యాస్కెట్టో. నాలుగూ దగ్గరదగ్గరగా ఉంటే అంకె కాస్త తక్కువైనా తీసుకోవచ్చు. బ్లాకు మీద నంబరు చదవగలిగేలా ఉండాలి, అది ఏ బండిదో కాగితం ఇవ్వాలి. అక్కడ గ్రైండరు పెట్టిన మెరుపు కనిపించిందంటే, ఎంత చవకైనా, ఆ ఇంజను వదిలేసి వచ్చెయ్.